రెండు మందులు, ఒక బిళ్ళ, మా నాన్న పాదాలు

మా నాన్న ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు కండక్టరు. లెక్కంటే ప్రాణం. గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్న ఏడాదిన్నరకి, ఒకరోజు పొద్దున్నే మందుల డబ్బా మంచం మీద బోర్లించి, బిళ్ళలన్నీ వరసగా పేర్చి, "తొమ్మిది" అన్నాడు. "ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు ఆరేరా. మూడు పెరిగాయంటే జబ్బు ముదిరినట్టేగా?"

నేను మందుల షాపు నడుపుతాను. తెనాలి పక్కన ఒక ఊళ్ళో, ఇరవై ఏళ్ళకి పైగా. ఈ ప్రశ్న కౌంటర్ అవతలి నుంచి రోజుకి ఒకరైనా అడుగుతారు. "అబ్బాయ్, ఈసారి బిళ్ళ మారింది, పెద్దదిచ్చాడు, ముదిరిందా?" అని. ఏదో సర్దిచెప్పి అట్ట చింపి చేతిలో పెడతాను. ఇంట్లో అడిగేసరికి నోరు రాలేదు. ఎందుకంటే ఆ పెరిగిన మూడు బిళ్ళలూ నా షాపులోంచి నా చేత్తో తెచ్చినవే.

జరిగింది ఇది. ఆసుపత్రి వాళ్ళు రాసిన ఆరింటిలో రామిప్రిల్ అనే బీపీ మందు ఒకటి. అది మొదలెట్టిన నెలకి పొడిదగ్గు పట్టుకుంది. కఫం లేదు, జ్వరం లేదు, రాత్రంతా ఖళ్ళు ఖళ్ళుమని. ఆ జాతి మందులతో కొందరికి వచ్చే దగ్గే అది. మా ఊరి డాక్టరు గారు దాన్ని తీసేసి అమ్లోడిపిన్ 5 రాశారు. దగ్గు పోయింది, బీపీ మాత్రం 150 దాటే ఉంది. డోసు 10కి పెంచారు. బీపీ 146. ఆ నాలుగు పాయింట్లకి మేం చెల్లించిన మూల్యం పాదాల వాపు. సాయంత్రానికి చెప్పులు పట్టేవి కావు, వేలు పెట్టి నొక్కితే గుంట పడేది.

అప్పుడు పక్క ఊళ్ళో ఇంకో డాక్టరుకి చూపించాం. గుండె మనిషి, కాళ్ళకి నీరు. అనుమానం ఎటు పోతుందో తెలిసిందే. నీరు తీసే బిళ్ళ, ఫ్యూరోసమైడ్ రాశారు. నాన్న రాత్రికి నాలుగుసార్లు లేవడం మొదలైంది. పిక్కలు పట్టేయడం, నీరసం. నీరసానికి బీ కాంప్లెక్స్. మూడు నెలలకి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా కేక పెట్టేంత నొప్పి. నీరు తీసే మందులతో యూరిక్ యాసిడ్ పెరగడం పుస్తకంలో మొదటి పేజీల్లో ఉండే సంగతి. దానికో బిళ్ళ. తొమ్మిది.

ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బనుకుని దానికో మందు, ఆ మందు ఇబ్బందికి ఇంకో మందు. బీఫార్మసీలో దీని గురించి పరీక్ష రాసి పాసయ్యాను. మా ఇంట్లో పద్నాలుగు నెలలు నడిచినా పోల్చుకోలేదు. నాన్న లెక్కపెట్టకపోతే ఇంకెన్నాళ్ళు నడిచేదో.

గుంటూరులో స్టెంటు వేసిన డాక్టరు గారి దగ్గరికే మళ్ళీ తీసుకెళ్ళాం. గుండెకి స్కానింగు, అదే ఎకో, తీశారు. గుండె పంపింగు బాగానే ఉంది, నీరు గుండెది కాదు. రక్తపరీక్షలో పొటాషియం తగ్గింది. ఆయన చీటీ మీద మూడు గీతలు కొట్టి, అమ్లోడిపిన్‌ని మళ్ళీ 5కి దించి, దానితో టెల్మిసార్టన్ 40 కలిసిన బిళ్ళ ఒకటి రాశారు. మూడు వారాలకి పాదాలు తగ్గాయి. నెలన్నరకి బీపీ 128/76. డబ్బాలో మళ్ళీ ఆరు. జబ్బు ముదరలేదు, వైద్యం దారి తప్పింది అంతే.

అప్పటినుంచి నాకొక పట్టుదల ఏర్పడింది. గుండెజబ్బు ఉన్న మనిషికి ఒక మందుతో బీపీ లొంగకపోతే ఆ మందు డోసే పెంచుకుంటూ పోవడం కంటే, వేరే దారిలో పనిచేసే రెండో మందును చిన్న డోసులో జత చేయడం మేలు. వీలైతే రెండూ ఒకే బిళ్ళలో ఉండాలి. "రెండు మందుల బిళ్ళ రాశాడంటే కేసు సీరియస్" అనే మన భయం తలకిందుల భయం. ఈ మాట నేను డాక్టరుగా అనడం లేదు, కాను కూడా. రోజూ అట్టలు చింపి ఇచ్చేవాడిగా, ఇంట్లో దెబ్బ తిన్నవాడిగా అంటున్నాను.

ముందు ఆ వాపు సంగతి. అమ్లోడిపిన్ సన్న ధమనుల్ని, అంటే రక్తం వచ్చే దారుల్ని వదులు చేస్తుంది. రక్తం వెనక్కి పోయే సన్న సిరల్ని పెద్దగా ముట్టుకోదు. మధ్యలో ఉన్న కేశనాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదిది, అందుకే నీరు తీసే బిళ్ళ దీనికి సరైన జవాబు కాదు. టెల్మిసార్టన్ జాతి మందులు పోయే దారిని కూడా కొంత తెరుస్తాయి. అందుకే జత కలిపినప్పుడు వాపు తగ్గుతుంది. ఇదంతా నేను బొమ్మ గీసి చెబుతుంటే నాన్న మధ్యలోనే అందుకున్నాడు. "కాలవ తూము బారుగా ఎత్తి, మురుగు తూము మూసి ఉంచితే చేను మునగదా మరి? బకెట్టు పెట్టి తోడితే ఏం లాభం?" డెల్టాలో ఎకరం పొలం ఉన్నవాడికి నా బొమ్మ అక్కర్లేకపోయింది.

జోడీ అంటే ఇదే. ఒకదాని తప్పును రెండోది దిద్దాలి. థయజైడ్ జాతి నీటి బిళ్ళ ఉప్పునీ నీటినీ బయటికి పంపితే, ఒళ్ళు కంగారుపడి రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేసి బీపీని మళ్ళీ పైకి తోస్తుంది. టెల్మిసార్టనో రామిప్రిలో పక్కనుంటే ఆ తోపు సాగదు. నీటి బిళ్ళ పొటాషియం పోగొడుతుంది, రెండోది పట్టి ఉంచుతుంది. సంసారం లాంటి పొత్తు. అన్ని జంటలూ ఇలా కుదరవు, ఆ మాటకి తర్వాత వస్తాను.

డోసు లెక్క చూడండి. లా, వాల్డ్ అనే పరిశోధకుల బృందం 2003లో 354 ప్రయోగాలను కలిపి లెక్కగట్టింది. మామూలు డోసులో ఒక బీపీ మందు సగటున పై అంకెను 9.1 తగ్గిస్తే, సగం డోసు 7.1 తగ్గించింది. అంటే డోసు సగం చేస్తే ఫలితంలో పోయింది ఐదో వంతు. దుష్ప్రభావాలు మాత్రం చాలా మందుల్లో డోసుతో పాటు గబగబా పడిపోతాయి. అదే వాల్డ్ బృందం 2009లో ఇంకో లెక్క తీసింది: ఉన్న మందు డోసు రెట్టింపు చేస్తే అదనంగా తగ్గే బీపీ కంటే, వేరే జాతి మందు జత చేస్తే తగ్గేది దాదాపు ఐదు రెట్లు. మా నాన్న అమ్లోడిపిన్ 5 నుంచి 10కి పోయి సంపాదించిన నాలుగు పాయింట్లు నాకప్పుడు అర్థమయ్యాయి.

ఇది మొన్న కనిపెట్టిన ఎత్తేమీ కాదు. బీపీ తగ్గిస్తే మనుషులు బతుకుతారని మొదటిసారి గట్టిగా తేల్చిన అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల ప్రయోగం, ఎడ్వర్డ్ ఫ్రైస్ నడిపింది, 1967లో వచ్చింది. కింది అంకె 115 నుంచి 129 మధ్య ఉన్న 143 మంది మగవాళ్ళు. 73 మందికి మందు, 70 మందికి ఉత్తి బిళ్ళ. ఉత్తి బిళ్ళ వాళ్ళలో 27 మందికి తీవ్రమైన ముప్పులు వచ్చాయి, మందు వాళ్ళలో ఇద్దరికి. ఆ మందు ఏమిటి? ఒకటి కాదు, మూడు కలిపింది: హైడ్రోక్లోరోథయజైడ్, హైడ్రలజీన్, రిసెర్పిన్. ఈ మూడోది మన సర్పగంధ వేరులోంచి తీసింది. బొంబాయి డాక్టరు రుస్తుం జల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో సర్పగంధ గురించి రాశాకే పడమటి దేశాల చూపు దాని మీద పడింది. ఇప్పుడు రిసెర్పిన్ దాదాపు మూలపడింది, మనుషుల్ని మందకొడిగా చేస్తుందని. కానీ "కాంబినేషన్లు ఈ కాలపు కంపెనీల వ్యాపారం" అనే పెద్దమనుషులకి ఈ కథ చెబుతుంటాను. బీపీ వైద్యం పునాదిరాయే కాంబినేషను.

ఇక గుండెజబ్బు ఉన్నవాళ్ళ సంగతే విడిగా చూస్తే, నాకు ఎక్కువ పనికొచ్చిన ప్రయోగం 2003లో వచ్చిన ఇన్వెస్ట్. గుండె రక్తనాళాల జబ్బు, బీపీ రెండూ ఉన్న 22,576 మంది. సగం మందికి వెరాపమిల్‌తో మొదలు, అవసరమైతే ట్రాండోలాప్రిల్ జత. మిగతా సగానికి అటెనొలాల్‌తో మొదలు, అవసరమైతే నీటి బిళ్ళ జత. మరణాలు, గుండెపోట్లు, పక్షవాతాలు కలిపి చూస్తే రెండు దారులూ సమానమే. రెండు వైపులా పదిమందిలో ఏడుగురికి బీపీ 140/90 లోపుకి వచ్చింది. నాకు నచ్చిన ముక్క వేరే ఉంది. రెండేళ్ళ తర్వాత చూస్తే రెండు వైపులా సగానికి మించిన వాళ్ళు రెండో మందు మీద ఉన్నారు. అంటే గుండె రోగికి రెండో మందు పడటం అపశకునం కాదు, మామూలు. "మీలాంటి వాళ్ళలో సగం మందికి ఇదే" అని కౌంటర్ దగ్గర చెప్పగలిగితే చాలు, మనిషి మొహం తేటపడుతుంది.

2008లో అకాంప్లిష్ ఇంకో అడుగు వేసింది. గుండెజబ్బు ముప్పు ఎక్కువున్న 11,506 మందికి మొదటిరోజు నుంచే రెండు మందుల బిళ్ళ ఇచ్చారు. అప్పటికే దాదాపు అందరూ ఏవో బీపీ మందులు వాడుతున్నవాళ్ళే, అయినా అదుపులో ఉన్నది 37 శాతం. ఒకే బిళ్ళలోకి మారాక అది 70 దాటింది. రామిప్రిల్ జాతిదే అయిన బెనజెప్రిల్‌కి అమ్లోడిపిన్ జతైన వాళ్ళకి, నీటి బిళ్ళ జతైన వాళ్ళకంటే గుండె ప్రమాదాలు ఐదో వంతు తక్కువ. తేడా స్పష్టంగా ఉందని ప్రయోగాన్ని ముందే ఆపేశారు.

మన మనుషుల మీద చేసింది లేదా అంటే, ఉంది. టాప్‌స్పిన్ అని మన దేశంలోనే 32 ఆసుపత్రుల్లో 1,981 మంది మీద జరిగింది, ఫలితాలు 2024 నవంబరులో వచ్చాయి. అమ్లోడిపిన్, పెరిండోప్రిల్, ఇండపమైడ్ మూడింటిలో ఏ రెండు కలిపి ఒక బిళ్ళగా ఇచ్చినా సమానంగా పనిచేశాయి, సుమారు 70 శాతం మందికి బీపీ 140/90 లోపుకి దిగింది. అయితే అది మామూలు బీపీ వాళ్ళ మీద, గుండెపోటు వచ్చిన వాళ్ళ మీద ప్రత్యేకంగా కాదు. బీపీ తగ్గడం వరకే దాని సాక్ష్యం తీసుకుంటాను.

ఇంతవరకు చదివి "అయితే ఎన్ని కలిపితే అంత మంచిది" అనుకునేవాళ్ళు ఇక్కడ ఆగాలి.

చెడ్డ జోడీకి పాఠ్యపుస్తకం ఆన్‌టార్గెట్, అది కూడా 2008లోనే. 25,620 మంది. రామిప్రిల్ ఒక్కటే, టెల్మిసార్టన్ ఒక్కటే, రెండూ కలిపి, ఇలా మూడు జట్లు. టెల్మిసార్టన్ ఒక్కటీ రామిప్రిల్‌తో సరిసమానంగా కాపాడింది, దగ్గు తక్కువ. మా నాన్నకి ఒకదాని బదులు ఇంకోటి ఇవ్వడానికి ఆధారం అదే. రెండూ కలిపిన జట్టుకి అదనపు లాభం సున్నా, కిడ్నీ ఇబ్బందులూ, బీపీ మరీ పడిపోయి కళ్ళు తిరగడాలూ ఎక్కువ. ఒకే తలుపుకి రెండు తాళాలు వేసినట్టు. జోడీ అంటే వేర్వేరు తలుపులు మూయాలి.

వెరాపమిల్, డిల్టియజెమ్ జాతిని మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లతో, అంటే గుండె వేగం తగ్గించే మందులతో కలిపితే నాడి మరీ మందగించవచ్చు. గుండె పంపింగు తగ్గినవాళ్ళకి వెరాపమిల్, డిల్టియజెమ్ అసలే పడవు. డోక్సాజోసిన్ అనే ఇంకో బీపీ మందు కథ ఇంకా ఘోరం: ఆల్‌హాట్ అనే పెద్ద ప్రయోగంలో ఆ మందు వాడిన వాళ్ళకి గుండె ఫెయిల్యూరు రెట్టింపు కనబడటంతో 2000లో ఆ విభాగాన్నే మూసేశారు. బీపీ తగ్గించినంత మాత్రాన ప్రతి మందూ గుండెకి చుట్టం కాదు.

మన దగ్గర కాంబినేషన్లకి చెడ్డపేరు రావడానికి కారణం కూడా ఉంది, అది ఒప్పుకోవాలి. 2016 మార్చిలో కేంద్రం 344 కాంబినేషన్ మందుల్ని ఒక్క దెబ్బతో నిషేధించింది. నా షాపులో దగ్గు, జలుబు, నొప్పుల అరలు సగం ఖాళీ అయ్యాయి. కోర్టుల్లో నడిచి 2018లో మళ్ళీ 328. ఎందుకు కలిపారో కలిపినవాడికే తెలియని మందులు చాలా ఉన్నాయి వాటిలో. ఆ చెత్తని చూసినవాళ్ళకి కాంబినేషన్ అనే మాటే వెగటు. కానీ ఆ వెగటు తెచ్చి టెల్మిసార్టన్, అమ్లోడిపిన్ జోడీ మీద చల్లడం అన్యాయం. బీపీకి ఒకే బిళ్ళలో రెండు మందులుండే జోడీలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

షాపులో నేను చూసే అసలు ప్రమాదం మరొకటి. అట్టల మీద పేరు చివర ఉండే తోక. ఏఎం అంటే అమ్లోడిపిన్ కలిసింది, హెచ్ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, సీటీ అంటే క్లోర్థాలిడోన్, ఎల్ఎన్ అంటే సిల్నిడిపిన్. ఒకే మొదటి పేరుతో నాలుగైదు తోకలు, రంగులు మాత్రం కొంచెం తేడా. పోయిన వేసవిలో ఒక పెద్దావిడ రెండు అట్టలు తెచ్చింది, గుంటూరు డాక్టరు రాసింది ఒకటి, కూతురి ఊళ్ళో డాక్టరు రాసింది ఒకటి. కంపెనీలు వేరు, పేర్లు వేరు. రెండింటిలోనూ టెల్మిసార్టన్ 40. రెండూ వేసుకుంటోంది, పొద్దున లేవగానే కళ్ళు తిరుగుతున్నాయని. "రెండూ బీపీ బిళ్ళలే అని తెలుసు బాబూ, రెండూ ఒకటే అని ఎవరు చెప్పారు?" అంది. నిజమే. అట్ట వెనక సన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంటే ఆవిడకి ఎవరు చెబుతారు? ఆవిడ చేత డాక్టరుకి ఫోను చేయించి ఒకటి ఆపించాం.

ఇంకో అభ్యంతరం నాకూ ఉంది. గుండె రోగులకి బీటా బ్లాకర్‌ని బీపీ మందుతో కలిపి ఒకే బిళ్ళగా ఇవ్వడం నాకు నచ్చదు. నాడి 50కి పడిపోతే దాని డోసు తగ్గించాలి, కలిసి ఉంటే రెండోదీ తగ్గిపోతుంది. పైగా గుండెపోటు వచ్చి పంపింగు బాగున్నవాళ్ళకి బీటా బ్లాకర్ అసలు ఏళ్ళ తరబడి కావాలా అన్న ప్రశ్నే ఇప్పుడు నడుస్తోంది. 5,020 మంది మీద 2024లో వచ్చిన రెడ్యూస్ ఏఎంఐ ప్రయోగంలో వాళ్ళకి లాభం కనబడలేదు. రేపు డాక్టరు తీసేయాలనుకుంటే అది విడిగా ఉండటమే సుఖం. 2022లో గుండెపోటు వచ్చిన 2,499 మంది మీద సెక్యూర్ అనే ప్రయోగం ఆస్పిరిన్, రామిప్రిల్, అటోర్వాస్టాటిన్ మూడూ కలిపిన బిళ్ళని పరీక్షించింది. కలిపి వాడినవాళ్ళలో ప్రమాదాలు 9.5 శాతం, విడివిడిగా వాడినవాళ్ళలో 12.7. ఆ బిళ్ళలో బీటా బ్లాకర్ లేదు, గమనించారా?

విడిగా ఉందని సొంతంగా ఆపకండి. సంక్రాంతికి కూతురింటికి వెళ్తూ అట్ట మర్చిపోయి, నాలుగు రోజులు మెటోప్రొలాల్ మానేసి, ఛాతీనొప్పితో తిరిగొచ్చిన వాళ్ళని ఎరుగుదును. ఆ జాతి మందు హఠాత్తుగా ఆపితే గుండె ఒక్కసారి పరుగందుకుంటుంది. అమ్లోడిపిన్ అలా కాదు, ఒంట్లో రెండు మూడు రోజులు మెల్లగా కరుగుతూ ఉంటుంది, ఒక పూట మరిచినా కొంప మునగదు.

రెండు మందులతో మొదలెట్టకూడని వాళ్ళూ ఉన్నారు. ఎనభై దాటి, లేచి నిలబడితే తూలేవాళ్ళకి ఒక్కొక్కటే, తక్కువ డోసులో. గుండెకి రక్తం అందేది ఎక్కువగా అది వదులైనప్పుడే, కింది అంకె ఉన్న సమయంలో. అందుకే నాళాలు బిగుసుకున్నవాళ్ళకి కింది అంకె మరీ 60 లోపుకి పోతే డాక్టర్లు చేయి వెనక్కి తీసుకుంటారు. తొందరపడి బీపీని నేలకి కొట్టడం ఈ వాదనలో లేదు.

నన్ను ఎక్కువ బాధించే అంకె వేరే ఉంది. 2011లో వచ్చిన ప్యూర్ అధ్యయనం, మన దేశంతో కలిపి తక్కువ ఆదాయ దేశాల్లో, గుండెజబ్బో పక్షవాతమో వచ్చినవాళ్ళలో 80 శాతం మంది వాడాల్సిన మందుల్లో ఒక్కటీ వాడటం లేదని చెప్పింది. స్టెంటుకి ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకం ఉంది, స్టెంటు ధరకి 2017 ఫిబ్రవరిలో కళ్ళెం పడింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు రోజూ మింగాల్సిన బిళ్ళలకి చాలామందికి జేబే దిక్కు. పది బిళ్ళల అట్టలోంచి "ఐదు చింపివ్వు అబ్బాయ్" అంటారు. ఆరు రకాలుంటే మూడు తీసుకుని, మిగతా మూడు జీతాలొచ్చాక అంటారు. ఏ మూడు వదలాలో వాళ్ళే నిర్ణయించుకుంటారు, చాలాసార్లు వదిలేది బీపీ బిళ్ళే, నొప్పి లేదు కాబట్టి. రెండు బీపీ మందులూ ఒకే బిళ్ళలో ఉంటే ఆ కోతలో కనీసం ఒకటి మిగిలి రెండోది పోయే అవకాశం ఉండదు. తెలంగాణ సహా ఐదు రాష్ట్రాల్లో 2017లో మొదలైన జాతీయ బీపీ అదుపు కార్యక్రమం ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా మందులిస్తూ మంచి పని చేసింది. గుండె రోగులకి జోడీ బిళ్ళలు కూడా అక్కడే, నెలకి సరిపడా, ఖాళీ అట్ట చూపిస్తే దొరికే రోజు కోసం చూస్తున్నాను. నా వ్యాపారం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

కిందటి నెల నాన్న మళ్ళీ డబ్బా బోర్లించాడు. ఈసారి ఐదే ఉన్నాయి, స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ కూడా ఆపారు. అయినా ఆయన లెక్క ఆరు. "ఇందులో ఇద్దరు ఎక్కారు, టికెట్టు ఒకటే కొట్టారు" అని జోడీ బిళ్ళని చూపుడువేలితో పక్కకి జరిపాడు.